ఆషాఢంలో గ్రాఫిక్ కార్డు మార్పు: ఎన్విడియా తీసి ఏఎండీ పెట్టుకోవడం ఎలా

ఈ పనికి నేను పెట్టే ముహూర్తం ఆషాఢం. కోనసీమలో పెళ్లి ఫొటోలు, వీడియో మిక్సింగ్, ఆల్బమ్ డిజైన్ల మీద బతికే మాలాంటి వాళ్ల కంప్యూటర్లకు ఏడాదిలో తీరిక దొరికే నెల అదే. మాఘంలోనో శ్రావణంలోనో, తెల్లవారుజామున పెళ్లి ఉండగా ఆ ముందు రాత్రి సీపీయూ డబ్బా విప్పకండి. ఒకసారి నేను అలాగే విప్పాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా, కంపెనీ మారడం అంటే ఏమిటో తేల్చుకుందాం. పెట్టె మీద ఏసస్ అనో గిగాబైట్ అనో ఉండే పేరు కార్డు తయారు చేసి అమ్మేవారిది. లోపలి చిప్పు ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ ఈ ముగ్గురిలో ఒకరిది. ఏసస్, గిగాబైట్ రెండూ ఎన్విడియా చిప్పులతోనూ ఏఎండీ చిప్పులతోనూ కార్డులు చేస్తాయి. కాబట్టి ఏసస్ తీసి గిగాబైట్ పెట్టినా, రెండింటిలోనూ ఎన్విడియా చిప్పే ఉంటే మీకు పెద్ద పనేమీ లేదు. చిప్పు కంపెనీ మారినప్పుడే చిక్కు. పాత కంపెనీ డ్రైవర్ (విండోస్ చేత కార్డును నడిపించే ప్రోగ్రాము), దాని కంట్రోల్ ప్యానెల్, హెచ్‌డీఎంఐ ద్వారా శబ్దం పంపే దాని ఆడియో డ్రైవర్, అన్నీ విండోస్ లోపల కాపురం పెట్టి ఉంటాయి. కార్డు విప్పి బిగించడానికి 20 నిమిషాలు చాలు. మిగతా పూటంతా ఆ కాపురాన్ని ఖాళీ చేయించడానికే పోతుంది.

కొనే ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్లను గుర్తు చేసుకోండి. సాఫ్ట్‌వేర్లు తమ లెక్కలను కార్డు చేత చేయించుకోవడానికి ఎన్విడియాకు కుడా (CUDA) అని సొంత పద్ధతి ఒకటి ఉంది. 2007 నుంచి ఉంది కాబట్టి దాన్నే నమ్ముకున్న ప్లగిన్లు చాలా ఉన్నాయి. కుడా తప్ప మరొకటి ఎరగని ప్లగిన్ మీద మీ పని నడుస్తుంటే, ధర ఎంత తక్కువైనా ఏఎండీ వైపు వెళ్లకండి. ఫొటోషాప్, కోరల్‌డ్రా వాడేవాళ్లకు ఈ బెంగ అక్కర్లేదు. ప్రీమియర్ కూడా రెండింటితోనూ నడుస్తుంది, చిన్న సెట్టింగ్ మార్చుకోవాలి. మిక్సింగ్‌కు ఎడియస్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అది ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌లోనే ఉండే, వీడియో పనిని వేగంగా చేసే క్విక్ సింక్‌ను బాగా వాడుకుంటుంది. కొత్త కార్డు వచ్చింది కదా అని బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులలోకి) వెళ్లి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను ఆపేశారంటే, కార్డు కొత్తదైనా మిక్సింగ్ నెమ్మదించే ప్రమాదం ఉంది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ గ్రాఫిక్స్ అసలు ఉండవు.

తర్వాతది కరెంటు. ఇక్కడ కాస్త లెక్క వేయాలి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు పంచే పెట్టె) నుంచి వేరే తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తుంది. నేను తీసేసిన జీటీఎక్స్ 1660 కార్డు 120 వాట్లది. దాని స్థానంలో పెట్టిన ఆర్‌ఎక్స్ 7600 వాడేది 165 వాట్లు. దానికి కనీసం 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఏఎండీ చెబుతుంది. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద 500 అని అచ్చు వేసి ఉన్నా దాన్ని నమ్మకండి. కార్డుకు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా మంచి ఎస్‌ఎంపీఎస్ కొనమంటాను.

యూపీఎస్ సంగతి చాలామంది మరిచిపోతారు. మన ఇళ్లలో, స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. ప్రాసెసరు, కొత్త కార్డు, మానిటరు కలిసి రెండరింగ్ సమయంలో దాని అంచుదాకా వెళ్తాయి. బ్యాటరీ రెండేళ్ల పాతదైతే, కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటరూ పోతుంది. చెరువుల మీద ఏరియేటర్లు రాత్రంతా తిరిగే ఊళ్లలో ఓల్టేజీ ఎలా ఊగిసలాడుతుందో భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి చోట 1000 వీఏ యూపీఎస్‌కు మారడం మంచిది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది స్క్వేర్ వేవ్ రకమా, సైన్ వేవ్ రకమా అని చూసుకోండి. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు స్క్వేర్ వేవ్ సరిపడదు. ఫ్యాన్లకు, బల్బులకు అది చాలు, కంప్యూటర్‌కు కాదు.

టేపు తీసుకుని కేబినెట్ లోపల వెనుక గోడ నుంచి ముందు ఫ్యాను వరకు ఎంత ఖాళీ ఉందో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. కార్డు పొడవు, మందం దాని కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. రాజమహేంద్రవరం దాకా బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్న కార్డు హార్డ్ డిస్క్ అరకు తగులుతోందని మళ్లీ బస్సెక్కడం ఏమంత బాగుండదు. పాత మానిటర్‌కు నీలం రంగు వీజీఏ తీగ ఒక్కటే ఉంటే, కొత్త కార్డులకు ఆ రంధ్రం ఉండదు. డిస్‌ప్లే పోర్ట్ నుంచి వీజీఏకు మార్చే యాక్టివ్ కన్వర్టర్ ఒకటి కొనుక్కోవాలి.

మదర్‌బోర్డు బాగా పాతదైతే రెండు జాగ్రత్తలు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డులు స్లాట్‌లోని నాలుగు లేన్లనే (డేటా నడిచే దారులనే) వాడుకుంటాయి, పాత బోర్డులో వాటి వేగం బాగా దెబ్బతింటుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకైతే బయోస్‌లో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండి తీరాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో 10వ తరం, ఆ తర్వాతివి ఉన్నవాళ్లే దాని జోలికి వెళ్లాలి.

పాత డ్రైవర్‌ను సాగనంపడం

కార్డు విప్పక ముందే, పాత కార్డు ఇంకా బొమ్మ చూపిస్తుండగానే చేయవలసిన పనులివి. ఇక్కడ తొందరపడితే తర్వాత రెండింతలు కూర్చోవాలి.

ఏఎండీ వెబ్‌సైట్ నుంచి కొత్త కార్డు డ్రైవర్‌ను దింపి డీ డ్రైవ్‌లో పెట్టుకోండి. అక్కడ రెండు రకాలు కనిపిస్తాయి. కార్డును దానంతట అదే గుర్తుపట్టే చిన్న ఫైలుకు నడిచేటప్పుడు నెట్ కావాలి. మనకు కావలసింది మీ కార్డు పేరు ఎంచుకుంటే వచ్చే పూర్తి ఫైలు. దానితో పాటు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామును కూడా దింపుకోండి. అందరూ డీడీయూ అంటారు. పాత డ్రైవర్ తాలూకు ఫైళ్లను, రిజిస్ట్రీలో మిగిలిన ముక్కలను ఊడ్చేయడం దాని పని. మామూలుగా కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదా అంటారు కొందరు. అదృష్టం బాగుంటే చాలుతుంది. కంపెనీ మారుతున్నప్పుడు నేను అదృష్టం మీద వదిలేయను.

నడుస్తున్న పెళ్లిళ్ల ప్రాజెక్టులను వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాత మీ కంప్యూటర్‌లో బిట్‌లాకర్ ఆన్ అయి ఉందేమో చూడండి. విండోస్ 11లో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. సేఫ్ మోడ్‌కు వెళ్లేటప్పుడో, బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడో అది 48 అంకెల తాళపు సంఖ్య అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ సంఖ్య ఉంటుంది. ముందే కాగితం మీద రాసుకోండి. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయని సందర్భాలుంటాయి కాబట్టి అసలు పాస్‌వర్డు కూడా గుర్తుందో లేదో చూసుకోండి. మా దగ్గరకు వచ్చే కంప్యూటర్లలో సగం వాటి పాస్‌వర్డు యజమానికి తెలియదు, ఖాతా తెరిచి పెట్టిన కుర్రాడికే తెలుసు. ఆ కుర్రాడేమో హైదరాబాదులో ఉంటాడు.

ఇప్పుడు నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి. ఇది చాదస్తం కాదు. నెట్ ఉంటే మీరు ఊడుస్తుండగానే విండోస్ అప్‌డేట్ వెనకనుంచి మరో డ్రైవర్ తెచ్చి పడేస్తుంది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తర్వాత స్టార్టప్ సెట్టింగ్స్, అక్కడ రీస్టార్ట్. వరుసగా అంకెలు కనిపించినప్పుడు 4 నొక్కితే సేఫ్ మోడ్ తెరుచుకుంటుంది. బొమ్మలన్నీ పెద్దవిగా, మొరటుగా కనిపిస్తాయి, కంగారు పడకండి. డీడీయూ తెరిచి, కుడివైపు జీపీయూ అని, దాని కింద ఎన్విడియా అని ఎంచుకోండి. శుభ్రం చేసి రీస్టార్ట్ చేసే బటన్ ఒకటి, శుభ్రం చేసి షట్‌డౌన్ చేసే బటన్ ఒకటి ఉంటాయి. కొత్త కార్డు పెట్టేవాళ్ల కోసం ఉన్నది షట్‌డౌన్ చేసేదే. అది నొక్కి, కంప్యూటర్ పూర్తిగా ఆగేదాకా ఆగండి.

డబ్బా విప్పడం

గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, కేబినెట్ ముందున్న పవర్ బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి పట్టండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. డబ్బాను టేబుల్ మీద పక్కకు పడుకోబెట్టండి. మంచం మీద, పరుపు మీద వద్దు.

సముద్రం దగ్గర ఊళ్లవాళ్లకు మొదటి పరీక్ష పక్క తలుపు స్క్రూలే. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఉప్పుగాలి ఏ ఇనుమునూ వదలదు. తుప్పు పట్టిన స్క్రూ మీద బలం ఉపయోగిస్తే దాని తల అరిగిపోయి ఇక ఎప్పటికీ రాదు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క పుల్లతో అద్ది, పావుగంట ఆగి, స్క్రూకు సరిపోయే సైజు డ్రైవర్‌తో తిప్పండి. నూనె బయటి స్క్రూలకు మాత్రమే. లోపలికి వెళ్లకూడదు.

తలుపు తీశాక కార్డు ముట్టుకోకుండా ఒక నిమిషం లోపల చూడండి. మా స్టూడియో కంప్యూటర్ విప్పిన రోజు ఎస్‌ఎంపీఎస్ పక్కన రెండు బల్లిగుడ్లు, కార్డు ఫ్యాన్ల మధ్య చీమలు పేర్చుకున్న మట్టి కనిపించాయి. వానాకాలంలో వెచ్చగా, పొడిగా ఉండే చోటు ఈ డబ్బా ఒక్కటే కాబట్టి వాటినీ తప్పు పట్టలేం. కెమెరా లెన్సులు తుడిచే రబ్బరు బ్లోయర్, మెత్తని కుంచె ఉంటే చాలు. ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుని ఊదండి, ఊరికే గిర్రున తిరగనివ్వకండి.

కేబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది. మన తేమలో ఆ బెడద తక్కువే కానీ, ఏసీ గదిలో కూర్చుని చేసేవాళ్లు తప్పక పాటించాలి. కార్డుకు వచ్చే కరెంటు తీగ మీద చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని నొక్కి తీగ లాగండి. వెనుక వైపు కార్డును పట్టి ఉంచే స్క్రూలు విప్పండి. ఇక మిగిలింది స్లాట్ చివర ఉండే ప్లాస్టిక్ తాళం. కార్డు కింద దాక్కుని కనిపించదు, చాలామంది విరగ్గొట్టేది దాన్నే. ఐస్‌క్రీం పుల్ల లాంటి చెక్కముక్కతో నొక్కి, టక్ మన్నాక కార్డును రెండు చేతులతో నిటారుగా పైకి లేపండి. స్క్రూ డ్రైవర్‌తో నొక్కితే అది జారి మదర్‌బోర్డు మీద గీత పడుతుంది. ఆ గీతతో బోర్డే పోవచ్చు.

స్లాట్‌లో దుమ్ము ఊదేయండి. కొత్త కార్డు తీసి, దాని మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొరలు, పోర్టుల మూతలు అన్నీ ఒలిచేయండి. బంగారు రంగు అంచును వేళ్లతో తాకవద్దు. పొరపాటున తాకితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పొడవాటి స్లాట్‌లోనే కార్డు పెట్టాలి. రెండు వైపులా ఒకే బలంతో నొక్కితే తాళం దానంతట అదే పడుతుంది. ఆ చప్పుడు వినిపించాకే స్క్రూలు బిగించండి.

కరెంటు తీగ దగ్గర మాత్రం కళ్లు పెట్టి చూడండి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ, కార్డుకు వెళ్లేది చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ప్రాసెసర్‌ది నాలుగు, నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరు, రెండుగా. పిన్నుల రంధ్రాల ఆకారం వేరు కాబట్టి తప్పు తీగ మామూలుగా దూరదు. దూరకపోతే అది తప్పు తీగ అని అర్థం, బలం చాలలేదని కాదు. ఎస్‌ఎంపీఎస్ కూడా మారుస్తున్నవాళ్లకు ఇంకో మాట: తీగలు ఊడదీయగలిగే రకమైతే పాతదాని తీగలను కొత్తదానికి వాడకండి. ఒక చివర సరిగ్గా పట్టినా రెండో చివర పిన్నుల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది. కార్డే కాదు, మదర్‌బోర్డూ హార్డ్ డిస్కులూ కాలిపోతాయి. కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల చోట్లుంటే రెండు వేర్వేరు తీగలు తెచ్చి పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

తలుపు మూయకుండానే, మానిటర్ తీగను కొత్త కార్డుకు గుచ్చి ఆన్ చేయండి. బొమ్మ రాకపోతే గుండె పట్టుకోనక్కర్లేదు. పదిలో తొమ్మిది సార్లు తీగ అలవాటుగా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐలో ఉంటుంది, కిందనున్న కార్డులో కాదు. అది సరిగానే ఉంటే ప్లగ్గు పీకి, కార్డు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. కరెంటు తీగ కొక్కెం పూర్తిగా పడిందో లేదో చూడండి. అయినా రాకపోతే, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు తీగను మదర్‌బోర్డుకే పెట్టి బయోస్‌లోకి వెళ్లి, మొదటి డిస్‌ప్లేగా కార్డు స్లాట్‌ను ఎంచుకోండి.

విండోస్ వచ్చాక తెర మసకగా, అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. డ్రైవర్ లేనప్పుడు అలాగే ఉండాలి. డీ డ్రైవ్‌లో పెట్టుకున్న ఏఎండీ ఫైలు నడపండి. మధ్యలో తెర రెండు మూడు సార్లు నల్లబడుతుంది, ఆ సమయంలో ఏమీ నొక్కకండి. పూర్తి ఇన్‌స్టాల్, మినిమల్, డ్రైవర్ మాత్రమే అని మూడు రకాలు అడిగితే, పనికోసం వాడే కంప్యూటర్‌కు నేను మినిమల్ పెడతాను. రీస్టార్ట్ అయ్యాకే నెట్ తీగ తగిలించండి.

ఇక నా ముచ్చట. మొదటిసారి కార్డు మార్చినప్పుడు నేను డీడీయూ నడపలేదు, సాఫ్ట్‌వేర్ సెట్టింగులూ చూడలేదు. బొమ్మ వచ్చింది కదా, పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున కల్యాణ మండపంలో లైవ్ మొదలుపెట్టబోతే, ఆ ప్రసారం నడిపే ఓబీఎస్ ప్రోగ్రాము ససేమిరా అంది. దాని ఔట్‌పుట్ సెట్టింగ్‌లో ఎన్‌కోడర్‌గా (వీడియోను కుదించి పంపే భాగంగా) ఎన్విడియా వారి ఎన్‌వెంక్ అలాగే ఉంది, లోపల ఉన్నదేమో ఏఎండీ కార్డు. పెళ్లికూతురి మేనమామ కువైట్ నుంచి ఫోను మీద ఫోను: “తెర నల్లగా ఉందండీ, మా వాళ్లు కూర్చున్నారా అండీ?” నాకు సంగతి వెలిగి ఎన్‌కోడర్ మార్చేలోపు జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయింది. ఆయన ఇప్పటికీ కనిపించినప్పుడల్లా ఆ మాట ఎత్తుతారు, మర్యాదగానే.

కాబట్టి మీరు వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ ఒకసారి తెరవండి. ఓబీఎస్‌లో ఔట్‌పుట్‌కు వెళ్లి ఏఎండీ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ పెట్టి, పది నిమిషాలు రికార్డు చేసి చూడండి. ప్రీమియర్‌లో పాత ప్రాజెక్టు తెరిస్తే ఇది కుడాతో చేసినది, ఇప్పుడు అది లేదు అని హెచ్చరిస్తుంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్‌ను ఓపెన్‌సీఎల్‌కు మార్చండి. స్పీకర్లలో శబ్దం రాకపోతే, విండోస్ శబ్దాన్ని కొత్త కార్డు హెచ్‌డీఎంఐకి మళ్లించి ఉంటుంది, టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి మార్చుకోవచ్చు.

ఆల్బమ్ పనివాళ్లు రంగుల దగ్గర ఆగాలి. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే విభాగంలో పిక్సెల్ ఫార్మాట్ అని ఉంటుంది. అది ఫుల్ ఆర్‌జీబీలో లేకపోతే నలుపు బూడిదరంగులో, లేదా ముదురుగా కనిపించి మీ కన్ను మోసపోతుంది. పాత పెళ్లి ఆల్బమ్ ప్రింటు ఒకటి పక్కన పెట్టుకుని అదే ఫైలు తెరపై తెరిచి, పట్టుచీర అంచు, పసుపు పూసిన ముఖం ఎలా కనిపిస్తున్నాయో పోల్చండి. మానిటర్‌ను కొలిచి సరిచేసే పరికరం ఉన్నవాళ్లు ఆ పని మళ్లీ చేయాలి.

లినక్స్ వాడేవాళ్లకు పని తేలిక. ఎన్విడియా సొంత డ్రైవర్ ప్యాకేజీలు ముందే తీసేస్తే చాలు, ఏఎండీ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది.

ఒక పాత పెళ్లి వీడియోను మొదటినుంచి చివరిదాకా రెండర్ చేయండి. కంప్యూటర్ ఆగకుండా, తెర నల్లబడకుండా పూర్తయితే తలుపు మూసేయండి. పాత కార్డును వెంటనే అమ్మకండి. శ్రావణంలో రెండు మూడు పెళ్లిళ్లు గడిచేదాకా, కొత్త కార్డు వచ్చిన యాంటీస్టాటిక్ సంచిలో దాన్ని పెట్టి, కొత్త బూట్ల పెట్టెల్లో దొరికే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి మూత బిగించండి. పెంకుటిల్లయితే అటక మీద పెట్టకండి, వాన కారేది ముందు అక్కడే.